తోలు ఒలిచిన పదిహేడు చేపలు

అమెరికా సరిహద్దుకు ఆనుకుని ఉన్న విండ్సర్‌లో నేను చేసిన నాలుగు పనుల్లో ఒంటికి వాసన పట్టేది ఒక్కటే, నాకు నచ్చిందీ అదొక్కటే. సెయింట్ క్లెయిర్ సరస్సు ఒడ్డున ఒక ముసలాయన పడవ నడిపేవాడు. చేపలు పట్టే సరదా ఉన్నవాళ్లను పొద్దున్నే ఎక్కించుకుని, నీళ్లలో చేపలు ఎక్కడ తిరుగుతున్నాయో అక్కడికి తీసుకెళ్లి, గాలం చేతికిచ్చి, చేతకానివాళ్లకు నేర్పించి, మధ్యాహ్నానికి ఒడ్డుకు చేర్చేవాడు. అక్కడ దాన్ని గైడెడ్ ట్రిప్ అంటారు. వాళ్లు పట్టుకొచ్చిన చేపలను ఒడ్డు మీద ఒక బల్ల దగ్గర నిలబడి కోసి, కవర్లలో పెట్టి ఇవ్వడం నా పని.

అవి కాలేజీలన్నీ మన పిల్లలతో కిక్కిరిసిన ఏళ్లు. కాఫీ షాపులో ఒక ఉద్యోగం ఖాళీ అయితే సాయంత్రానికి నలభై మంది రెజ్యూమేలు పట్టుకుని నిలబడేవారు. నేను వాళ్లలో పెద్దదాన్ని. ఏలూరులో తొమ్మిదేళ్లు బ్యాంకులో పనిచేసి, ముప్పై నాలుగో ఏట ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ చదవడానికి వచ్చాను. ఏ ప్రాజెక్టు అని అడక్కండి, నాతో చదివిన వాళ్లెవరికీ ఏ ప్రాజెక్టూ కనబడలేదు. బేస్‌మెంట్‌లో నాతో ఉండే నలుగురు అమ్మాయిలకూ నేను అక్కను. మా ఆయన, ఏడేళ్ల పాప ఏలూరులోనే ఉన్నారు. వాళ్లిద్దరి వీసాలకు అప్లై చేసి నాలుగు నెలలైంది. బస్సులో కూర్చున్న ప్రతిసారీ ఫోన్ తీసి స్టేటస్ చూసేదాన్ని. ఏమీ మారేది కాదు, మళ్లీ లోపల పెట్టేదాన్ని.

ముసలాయన నేను పనిచేసే కాఫీ షాపుకి రోజూ వచ్చేవాడు. కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. కీళ్లవాతంతో కుడిచేతి వేళ్లు పక్కకు తిరిగిపోయి ఉండేవి. కప్పు మూత ఆయనకు ఊడి వచ్చేది కాదు, నేనే తీసిచ్చేదాన్ని. ఒకరోజు మూత తీసిస్తుంటే, ఈ వేళ్లతో స్టీరింగ్ పట్టగలను కానీ కత్తి పట్టలేకపోతున్నాను, చేపలు కోసే మనిషి కావాలి, ఎవరైనా తెలుసా అన్నాడు. నాకు తెలుసు అన్నాను. ఎవరు అన్నాడు. నేనే అన్నాను. నన్ను పైనుంచి కిందికి చూసి, నీకు చేప కోయడం వచ్చా అని అడిగాడు. మా వైపు పదేళ్ల పిల్ల కత్తిపీట ముందు కూర్చుని కిలో చేప శుభ్రం చేస్తుంది, నువ్వు పరీక్ష పెట్టుకో అన్నాను. నాకు నోరెక్కువ. మా అత్తగారి దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరూ చెప్పిన మాటే అది.

పరీక్షలో తప్పాను. నేను పొలుసు రాయడం మొదలుపెట్టగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. అక్కడ చేపను ముక్కలు కొట్టరు. వెన్నుముల్లు పక్కనుంచి సన్నటి కత్తి పోనిచ్చి, అటు చెక్క ఒకటి, ఇటు చెక్క ఒకటి తీస్తారు. తల, ముల్లు, పొట్ట చెత్తడబ్బాలోకి. ఆ రెండు చెక్కలకూ తోలు కొంచెమైనా ఉంచాలి. ఎందుకో ఆయన ఓపిగ్గా చెప్పాడు. మనిషికి ఇన్ని చేపలే పట్టాలని అక్కడ లెక్క ఉంది. చేపల ఆఫీసరు దారిలో కారు ఆపి కవరు విప్పితే, తోలు చూసి ఇది ఏ చేప, చెక్కలు చూసి ఎన్ని చేపలు అని వెంటనే తేలాలి. తేలకపోతే, పట్టినవి తక్కువే అయినా తప్పు తప్పే. "తోలు లేదు, లెక్క లేదు అంటే నువ్వు చేపలు కాదు, తగువు కట్టి ఇస్తున్నావు," అన్నాడు.

ఈ లెక్క ఆయనకు ప్రాణం. ప్రతి ట్రిప్పు ముందూ పడవలో కూర్చున్న వాళ్లకు లైఫ్ జాకెట్లు ఇస్తూ ఒకటే మాట చెప్పేవాడు: "నలభై ఏళ్లుగా ఈ నీళ్ల మీద ఉన్నాను. ఒక్క టికెట్టు లేదు, ఒక్క జరిమానా లేదు." ఆయనకు వెబ్‌సైటు లేదు, బోర్డు లేదు. ఒడ్డున ఉన్న ఒక లాడ్జివాళ్లు ఆ మాట మీద నమ్మకంతోనే తమ దగ్గర దిగినవాళ్లను ఆయన దగ్గరికి పంపేవారు. ఆయన బతుకుతెరువంతా వాళ్లు పంపడం మీదే.

ఏప్రిల్, మే నెలల్లో సరస్సులోంచి పారే నదిలో వాల్‌ఐ చేప. పచ్చటి బంగారు రంగు ఒళ్లు, చీకట్లో పిల్లికళ్లలా తెల్లగా మెరిసే కళ్లు. సీసం గుండు కట్టిన గాలాన్ని అడుగుదాకా వదిలి, మెల్లగా ఎత్తి దించుతూ ఉండాలి. ఆ ఎత్తడం దించడం రెండు గంటలు చేస్తే భుజం పోయేది, కస్టమర్లు మాత్రం నవ్వుతూ దిగేవారు. జూన్ చివర్నుంచి సరస్సులో బాస్ చేప. దాన్ని చాలామంది పట్టి, రెండు చేతులా పట్టుకుని ఫొటో దిగి, నీళ్లలో వదిలేస్తారు. నాలుగు గంటలు ఎండలో కూర్చుని పట్టినదాన్ని వదిలేయడమేమిటని మొదట్లో నాకు ఒళ్లు మండేది. తినేవాడికీ లేక, పట్టేవాడికీ లేక, చేపకు మాత్రం నోరు చిరిగింది. ముసలాయనతో ఆ మాటే అంటే, మళ్లీ ఏడాది ఇంకా పెద్దదై దొరుకుతుంది కదా అన్నాడు. ఆయనకు దేనికైనా ఓపికే.

నాకు ఓపిక లేదు. శని ఆదివారాలు నాలుగున్నరకు లేచి, సందు చివర ఆయన ట్రక్కు కోసం నిలబడేదాన్ని. ఆ ఊళ్లో కారు లేని మనిషికి కాళ్లు లేనట్టే. మధ్యాహ్నం దాకా చేపలు, సాయంత్రం కాఫీ షాపు, మధ్యలో అసైన్‌మెంట్లు. మిగతా రోజులు క్లాసులు, మళ్లీ షిఫ్టులు. నిద్రపోవడం అంటూ విడిగా ఉండేది కాదు, పనికీ పనికీ మధ్య కళ్లు మూసుకునేదాన్ని. చన్నీళ్లలో నానీ నానీ వేళ్ల చివర్లు పగిలి, నిమ్మకాయ పిండితే చురుక్కుమనేవి. ట్రక్కులో కూర్చోగానే తల పక్కకు వాలిపోయేది. ముసలాయన రేడియో ఆపేసేవాడు.

మనవాళ్లు కూడా ట్రిప్పులకు వచ్చేవారు. ఒకసారి రిచ్‌మండ్ హిల్ నుంచి ఐటీ కుటుంబం ఒకటి వచ్చింది. ఆ ఇంటాయన అమెరికాలో పదేళ్లుండి వచ్చినవాడట. వాళ్ల అబ్బాయి చేపను చూసి "గ్రోస్!" అని ముక్కు మూసుకుని కారులోకి పరిగెత్తాడు. తండ్రి నా దగ్గరికి వచ్చి, ఏ ఊరమ్మా మనది, బ్యాంకులో చేశావా, అయ్యో ఇలాంటి పని ఎందుకమ్మా అని జాలిపడ్డాడు. "మీరు పట్టారు, నేను కోస్తున్నాను. పట్టడం సరదా అయినప్పుడు కోయడం ఖర్మ ఎందుకవుతుంది అంకుల్?" అన్నాను. నాకంటే అయిదారేళ్లే పెద్ద అయివుంటాడు, అంకుల్ అన్నందుకు ఎక్కువ నొచ్చుకున్నాడు.

ఇక ఆ ఆదివారం. మే నెల చివర. ఒషావా నుంచి అయిదుగురు తెలంగాణ పిల్లలు ఒకే కారులో వచ్చారు. అయిదుగురూ మాస్టర్స్ చదువుతూ గోడౌన్లలో పార్ట్‌టైం చేసేవాళ్లే. ఒకడి పుట్టినరోజట. పులిహోర పొట్లం కట్టుకొచ్చి ముసలాయనకూ పెట్టారు. ఆయన ఫోర్కుతో తిని, పల్లీలు బాగున్నాయన్నాడు. చేపలు పట్టే లైసెన్సులు అందరివీ చూశాడు, నలభై ఏళ్ల మాట చెప్పాడు, పడవ తీశాడు. పన్నెండున్నరకు తిరిగి వచ్చేసరికి డబ్బాలో పదిహేడు వాల్‌ఐ చేపలున్నాయి. మనిషికి ఆరు దాకా పట్టొచ్చు. అంటే లెక్కకు చాలా లోపలే. ముసలాయన చేపలను నా బల్ల మీద పోయించి, పడవలో పెట్రోలు నింపుకురావడానికి ఒడ్డు వెంబడి కొంత దూరంలో ఉన్న బంకుకు వెళ్లాడు.

నేను మొదటి చేపకు చెక్క తీయగానే పుట్టినరోజు కుర్రాడు గుడ్లప్పగించి చూశాడు.

"అక్కా, గిదేందక్కా? గట్ల చీరి ముల్లంత పారేస్తున్నవేంది? ముల్లు లేకుంటె పులుసుకు రుచేముంటది?"

"ఇక్కడ ఇంతేరా. చేపకు రెండు చెక్కలే ఉండాలి, తోలు ఉండాలి. రూలు."

"రూలుతోని పులుసైతదా అక్కా? మా ఇంట్ల ఒక్కటే కత్తి, అది టమాటకే తెగదు. నువ్వు మంచిగ ముక్కలు కొట్టియ్యరాదు."

ఇంకొకడు కారులోంచి ఒక కవరు తెచ్చాడు. అందులో ఉప్పు, పసుపు, కారం, రెండు నిమ్మకాయలు. నాలుగు గంటల పైన ప్రయాణం, ఇప్పుడే పట్టించేస్తే పోయేసరికి ముక్కకు పడుతుంది, నీచు వాసన రాదు అని వాళ్ల ప్లాను. తలకాయలు మాత్రం వద్దన్నారు. ఇంటి ఓనరు వాసనకు గోల చేస్తాడట.

వద్దని మళ్లీ చెప్పాల్సింది. రెండు నెలలుగా రోజుకు ముప్పై చేపలకు తోలు ఉంచి కోసిన మనిషిని, నాకు తెలియక చేసిన పని కాదు. ఆ పిల్లల మీద జాలి అని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది, కానీ అది సగమే. అలిసిపోయి ఉన్నాను. కాదని వాదించడం కంటే కోసి ఇవ్వడం తేలిక. పైగా రెండు నెలలుగా సగం చేపను చెత్తలో వేసీ వేసీ నా చేతులకు రోత పుట్టింది. ఒక్కసారైనా చేపను చేపలా కోయాలనిపించింది. వాళ్లు ఇలా కారెక్కుతారు, అలా పోతారు, ఎవడు చూస్తాడు అనుకున్నాను.

ఆ అరగంట నాకు ఒళ్లు నొప్పులు తెలియలేదు. వాల్‌ఐ పొలుసు మొండిది, రాస్తూ కూర్చుంటే సాయంత్రమవుతుంది. అందుకని కొర్రమీనుకి ఒలిచినట్టు మెడ దగ్గర గాటు పెట్టి తోలు మొత్తం ఒలిచేశాను. తలకాయలు కొట్టి చెత్తడబ్బాలో వేశాను. ఆ డబ్బాలో అప్పటికే శనివారం తాలూకు తలకాయలు ఉన్నాయి. ముల్లుతో సహా రెండు వేళ్ల మందాన అడ్డంగా ముక్కలు కొట్టాను. నాలుగుసార్లు కడిగి, ఉప్పు, పసుపు వేసి, నిమ్మకాయ పిండి, చేత్తో కలిపాను. పుట్టినరోజు కుర్రాడు కారం చల్లుతూ, "అక్కా, అచ్చం మా అమ్మ లెక్కనే కలుపుతున్నవ్," అన్నాడు. పొగడ్తకు పడనివాళ్లు ఎవరు? వాళ్లకు పులుసు ఎలా పెట్టాలో కూడా చెప్పాను. చింతపండు ముందే మరగనివ్వండి, ముక్క వేశాక గరిటె పెట్టకండి, గిన్నె పట్టుకుని తిప్పండి అని.

మూడు పెద్ద కవర్లకు సర్ది, ఐస్ పెట్టెలో పెట్టి, పెట్టె కారు డిక్కీలోకి ఎక్కిస్తుండగా ఆఫీసరు ట్రక్కు వచ్చి ఆగింది.

ఆయన నాకు కొత్త కాదు. అంతకు ముందు రెండుసార్లు వచ్చి నా బల్ల చూసి, తల ఊపి వెళ్లాడు. ఆ రోజు కూడా నవ్వుతూనే దిగాడు. లైసెన్సులు చూశాడు, బాగున్నాయన్నాడు. పెట్టె మూత తీశాడు. ఒక కవరు పైకెత్తి వెలుతురులో తిప్పి చూశాడు. ఎర్రగా, పచ్చగా ముక్కలు.

"ఇవేం చేపలు?"

"వాల్‌ఐ సార్," అన్నాడు ఒకడు.

"ఎన్ని?"

"పదిహేడు," అన్నాడు వాడు. అదే క్షణంలో పక్కవాడు "పద్దెనిమిది సార్" అన్నాడు. వాళ్లలో వాళ్లు మొహాలు చూసుకున్నారు. ఆఫీసరు నవ్వడం మానేశాడు.

అప్పుడే ముసలాయన పడవ కట్టి మెట్లెక్కి వచ్చాడు. కవరు చూశాడు, నా బల్ల చూశాడు. బల్ల మీద తోళ్లు ఒక పక్కకు కుప్పగా ఉన్నాయి. నా చేతులు మణికట్ల దాకా పసుపు. వాటిని ఏప్రాన్ జేబులో పెట్టుకున్నాను. పెట్టుకున్నానని నాకు తర్వాత తెలిసింది.

"ఎవరు కోశారు ఇవి?" అని అడిగాడు ఆఫీసరు. అందరినీ కలిపి అడిగాడు.

ముసలాయన, "ఇది నా బల్ల," అన్నాడు. ఆగాడు. నావైపు చూడలేదు, నీళ్లవైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ ఆగడం ఎంతసేపో నేను చెప్పలేను. నేను కోశాను అని ఇంగ్లీషులో మూడు ముక్కలు. నాలుక చివరి దాకా కూడా రాలేదు. నా తలలో ఉన్నది ఒక్కటే, వీసా ఫైలు. మా బేస్‌మెంట్లో, మా వాట్సాప్ గ్రూపుల్లో అందరూ చెప్పుకునేది ఒకటే మాట: పేరు మీద ఏ చిన్న కేసు పడినా అంతే, వర్క్ పర్మిట్ రాదు, శాశ్వతంగా ఉండిపోయే PR రాదు, ఇంట్లోవాళ్ల ఫైలు కూడా పోతుంది. స్పీడు టికెట్టు పడిందని మా రూమ్మేటు రెండు రోజులు అన్నం తినలేదు. ఎవరు చెప్పారు, ఎక్కడ రాసుంది అని మాలో ఒక్కరూ అడగలేదు. నేను, బ్యాంకులో ఫారాలు చదివి బతికినదాన్ని, నేనూ అడగలేదు. నా పేరు ఆ పుస్తకంలో పడితే పాప రాదు. అంతే నాకు తెలిసింది.

పుట్టినరోజు కుర్రాడు పాపం నిజాయితీపరుడు. "సార్, యాక్చువల్లీ, అక్క..." అని మొదలుపెట్టాడు.

"నోర్ముయ్," అన్నాను.

అప్పటిదాకా నా నోట్లోంచి వచ్చిన మాట అదొక్కటే. గట్టిగానే వచ్చింది. కుర్రాడు ఆగిపోయాడు. ఆఫీసరు నావైపు తిరిగి, ఏమన్నావు అన్నాడు. కంగారు పడొద్దన్నానని చెప్పాను.

ఆఫీసరు మళ్లీ ముసలాయన వైపు తిరిగి, పేరు పెట్టి పిలిచి, "నువ్వేనా కోసింది?" అని అడిగాడు. ఇరవై ఏళ్లుగా ఎరిగున్న మనిషి. ఆ తిరిగిపోయిన వేళ్లు ఆయన ఎదురుగానే ఉన్నాయి.

"నేనే," అన్నాడు ముసలాయన.

ఆఫీసరు ఆయన చేతులు చూశాడు, ఒకసారి నా ఏప్రాన్ జేబు వైపు చూశాడు. ఇక ఏమీ అడక్కుండా ముసలాయన పేరు మీదే టికెట్టు రాశాడు. చేపలు స్వాధీనం చేసుకున్నాడు. పిల్లలను మందలించి వదిలేశాడు. వాళ్లు ఖాళీ పెట్టెతో, నాతో మాట్లాడకుండా వెళ్లిపోయారు. పోయేముందు పుట్టినరోజు కుర్రాడు ముసలాయనకు చేతులు జోడించి దణ్ణం పెట్టాడు.

నేను బల్ల కడిగాను. తేలు కుట్టిన దొంగలా మూడుసార్లు కడిగాను. ముసలాయన ఎప్పటిలాగే ట్రక్కులో ఇంటి దగ్గర దింపాడు. దిగుతూ థాంక్యూ అన్నాను. దేనికని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. "శనివారం అయిదింటికి," అన్నాడు.

నన్ను కాపాడాడని అనుకున్నాను. ఆ రాత్రి అమ్మాయిలకు చెబితే, అబ్బ, దేవుడిలాంటి మనిషి అక్కా అన్నారు. నేనూ తల ఊపాను. ఆయన్ని దేవుణ్ని చేసేస్తే నేను మనిషిగా చేయాల్సిన పని ఏమీ మిగలదు కదా.

శనివారం వచ్చిన కస్టమర్లకు ముసలాయన లైఫ్ జాకెట్లు ఇచ్చాడు. నలభై ఏళ్ల మాట చెప్పలేదు. ఊరికే పడవ తీశాడు. ఆ ఖాళీ నాకు చెవిలో కొట్టినట్టు వినిపించింది. ఆ తర్వాత ఎప్పుడూ చెప్పలేదు. చిన్న ఊరు, రెండు వారాల్లో లాడ్జివాళ్లకు తెలిసిపోయింది. చేపల లెక్కలో పట్టుబడ్డ గైడు దగ్గరికి మేం మనుషుల్ని పంపలేమన్నారట. బాస్ సీజన్ మొదలయ్యేసరికి శనివారాలు ఖాళీ. వచ్చే ఒకరిద్దరూ పట్టి వదిలేసేవాళ్లే, వాళ్లకు నాతో పని లేదు. అయినా ఆయన నన్ను రమ్మనేవాడు. కోయడానికి చేపల్లేక తాళ్లు చుట్టేదాన్ని, పడవ తుడిచేదాన్ని. ఆగస్టులో ఒకరోజు ట్రక్కు దిగుతుంటే, వచ్చే వారం రానక్కర్లేదులే అన్నాడు. సరే అన్నాను. సిగ్గు చెప్పుకోవాలంటే, మనసులో మొదట కలిగింది హాయి. శనివారం పడుకోవచ్చు అనుకున్నాను. ఆయన మొహం చూడక్కర్లేదు అని కూడా అనుకున్నాను.

సెప్టెంబరులో వీసాలు వచ్చాయి. డిసెంబరులో మా ఆయన, పాప దిగారు. ఎయిర్‌పోర్టులో పాపను ఎత్తుకుంటే వీపు పట్టేసింది, అయినా దించలేదు. చదువు అయింది, పర్మిట్ వచ్చింది, ఒక గోడౌన్ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. పాప ఆర్నెల్లలో నాతో తెలుగు మాట్లాడ్డం మానేసింది. నేను తెలుగులో అడుగుతాను, అది ఇంగ్లీషులో చెబుతుంది. తిట్లు మాత్రం అన్నీ అర్థమవుతాయి.

ముసలాయన కాఫీ షాపు మార్చాడో, మానేశాడో, అక్కడ మళ్లీ కనబడలేదు. నేనూ వెతకలేదు.

PR కాగితాలు పెట్టే రోజు వచ్చింది. మేం వెళ్లిన కన్సల్టెంటు మన తెలుగావిడే, మాట కరుకు, పని శుభ్రం. కేసులేమైనా ఉన్నాయా అన్న ప్రశ్న దగ్గర, మా ఫ్రెండుకి ఒకసారి చేపల టికెట్టు పడింది, అలాంటివి కూడా రాయాలా అని అడిగాను. ఆవిడ పెన్ను ఆపకుండానే, "చేపల టికెట్టా? కట్టేస్తే అయిపోయె. అది క్రిమినల్ రికార్డు కాదమ్మా, పార్కింగ్ టికెట్టు లాంటిది. దానికెవరి ఫైలూ ఆగదు," అంది. మా ఆయన నవ్వాడు. నేను బాత్రూముకి వెళ్లి కుళాయి తిప్పి నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఆయన నలభై ఏళ్లు పోయింది నా పాప కోసం కూడా కాదు. దేనికీ కాదు.

ఆ వారమే ముసలాయన ఇంటికి వెళ్లాను. ఒక్కదాన్నే వెళ్తే మాట్లాడాల్సి వస్తుందని పాపను వెంటబెట్టుకున్నాను. నా సంగతి నాకు తెలుసు. ఇంటి ముందు పడవ ట్రైలర్ మీద ఉంది, అమ్ముతామని అట్టముక్క వేలాడుతోంది. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. పాపకు బిస్కెట్ల డబ్బా ఇచ్చి, స్కూలు ఎలా ఉంది, చలి అలవాటైందా అని అడిగాడు. పాప గడగడా చెప్పింది. నేను పడవ ఎవరైనా అడిగారా, మోకాళ్లు ఎలా ఉన్నాయి, ఈ ఏడు నదిలో వాల్‌ఐ బాగా పడిందట గదా అని ఏవేవో అడిగాను. అన్నిటికీ జవాబు చెప్పాడు.

కాసేపటికి ఆయనే, "ఒకటి అడుగుదామనుకున్నా," అన్నాడు. "ఆ రోజు ఆ కుర్రాడితో నీ భాషలో ఏదో అన్నావు. నోర్... నోర్ మూయ్. ఏంటది?"

రెండేళ్లు ఆ మాటను ఎలా గుర్తుపెట్టుకున్నాడో నాకు తెలియదు. నేను నోరు తెరిచేలోపే పాప బిస్కెట్ నములుతూ కిలకిలా నవ్వి, ఇంగ్లీషులో, "అంటే షటప్ అని. మా అమ్మ నన్ను రోజూ అంటుంది," అని చెప్పేసింది.

ముసలాయన తల ఊపాడు. "అలాంటిదే అయివుంటుందనుకున్నా," అన్నాడు. "నువ్వు ఏమైనా అంటావేమోనని ఆగాను. నీకు కొంచెం టైము ఇద్దామని ఆగాను."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నేను బతికిపోయేదాన్ని, కోపానికి ఎదురు చెప్పడం నాకు వచ్చు.

"ఆ చేపలు కోసింది నేను," అన్నాను. పాప నా మొహంలోకి చూసింది.

"నాకు తెలుసు," అన్నాడు ఆయన. "కానీ ఆ రోజు అడిగింది ఆఫీసరు, నేను కాదు."

పాపకు చలేస్తోందని ఆయనే లేచి మమ్మల్ని కారు దాకా దిగబెట్టాడు.